అల్‌బెరూనీ: పొరుగువారి భాష నేర్చిన పండితుడు

ఎన్నిసార్లు తప్పినా పట్టు విడవకుండా మళ్లీ మళ్లీ పరీక్షకు కూర్చునే కుర్రాణ్ని చూసి మన ఊళ్లలో గజనీ మహమ్మద్ దండయాత్రలంటూ హాస్యమాడతారు. ఆ విధంగా గజనీ సుల్తాన్ మహమూద్ పేరు తెలుగువారి నోట నానుడిగా నిలిచిపోయింది. కాని అదే సుల్తాన్ తన రాజధానికి తీసుకుపోయిన ఒక పండితుని గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేది తక్కువ. చరిత్ర పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలతో ఆయన ప్రసక్తి ముగిసిపోతుంది. ఆయన పేరు అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్‌బెరూనీ.

సుల్తాన్ హిందుస్తాన్‌కు సైన్యంతో వచ్చాడు. బెరూనీ కాగితం, కలం, కొలత పరికరాలతో వచ్చారు. స్వదేశం చేజారి, తన ఇష్టంతో నిమిత్తం లేకుండా పరాయి రాజ్యంలో బతకవలసి వచ్చిన ఆ మనిషి నడివయసు దాటుతున్న వేళ ఒక కొత్త భాష నేర్చుకున్నారు. తన ఏలిక ఎవరితో యుద్ధం చేస్తున్నాడో వారి భాషే నేర్చుకున్నారు. వారి గ్రంథాలు చదివి, వారి గురించి అబద్ధం లేకుండా సాక్ష్యం చెప్పారు. వెయ్యేళ్లయినా ఆయన జీవితం మనం చదవదగినదిగా ఉండటానికి కారణం ఇదే.

నది ఒడ్డున బాల్యం

బెరూనీ హిజ్రీ 362 జిల్‌హిజ్జ మాసంలో, అంటే క్రీ.శ. 973 సెప్టెంబరులో జన్మించారు. ఆయన ఊరు ఖ్వారజమ్ దేశపు పాత రాజధాని కాత్. ఆమూ నది ఒడ్డున ఉండేది. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అక్కడి పట్టణానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టుకున్నారు. బేరూన్ అంటే బయట అని ఉర్దూ వచ్చిన మన పాఠకులకు తెలుసు. నగరం బయటి పేటలో పుట్టినందువల్ల ఆయనకు ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఆయన మాతృభాష అరబీ కాదు, ఫారసీ కూడా కాదు. ఖ్వారజమీ అనే స్థానిక భాష. ఆ భాష తర్వాతి కాలంలో పూర్తిగా అంతరించిపోయింది. అరబీ, ఫారసీ రెండూ ఆయన కష్టపడి నేర్చుకున్నవే. తన మాతృభాషలో శాస్త్రం రాస్తే ఇంటి కప్పు మీది నీటి తూములో ఒంటె కనిపించినంత విడ్డూరంగా ఉంటుందని ఆయన ముసలితనంలో సరదాగా రాసుకున్నారు. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, మక్తబ్‌లో మరో మాటగా పెరిగే మన పిల్లలకు ఆయన బాల్యం కొత్తగా అనిపించదు.

భాషల మీద మక్కువ ఆయనకు చిన్నతనంలోనే కలిగింది. రూమ్ దేశస్థుడొకరు, అంటే గ్రీకు మాట్లాడే మనిషి, వారి ప్రాంతంలో వచ్చి స్థిరపడ్డాడు. బెరూనీ గింజలు, విత్తనాలు, పండ్లు, మొక్కలు పట్టుకుని అతని దగ్గరికి వెళ్లేవారు. మీ భాషలో దీన్నేమంటారని ఒక్కొక్కటే చూపించి అడిగి, ఆ పేర్లు రాసుకునేవారు. వస్తువును చేతిలో పట్టుకుని దాని పేరు అడగటం భాష నేర్చుకోవటానికి అన్నిటికన్నా పాత పద్ధతి, అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

రాజకుటుంబానికి చెందిన గణితవేత్త అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు గురువయ్యారు. పదిహేడేళ్ల వయసులోనే బెరూనీ గీతలు గీసిన ఒక లోహపు వలయంతో మధ్యాహ్న వేళ సూర్యుని ఎత్తు కొలిచి, తమ ఊరి అక్షాంశం లెక్కగట్టారు.

ఊరూరా తిరిగిన యౌవనం

995లో ఖ్వారజమ్‌లో అంతర్యుద్ధం వచ్చింది. ఉత్తరాన ఉన్న గుర్గంజ్ పాలకుడు కాత్‌ను జయించి పాత రాజవంశాన్ని తుదముట్టించాడు. ఆ రాజవంశం నీడలో పెరిగిన బెరూనీ దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. భూమి మీది ఊర్ల స్థానాలు గుర్తించటానికి తాను తయారు చేసుకున్న పెద్ద అర్ధగోళాన్ని కూడా అక్కడే వదిలేశారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

కొంతకాలం నేటి టెహ్రాన్ దగ్గరి రయ్ నగరంలో తలదాచుకున్నారు. అక్కడ పేదరికం అనుభవించారు. విద్యలో తనకన్నా తక్కువైన ఒక జ్యోతిష్కుడు, బెరూనీ పేదవాడన్న ఒక్క కారణంతో ఆయన మాటను ఎగతాళి చేశాడు. బెరూనీ పరిస్థితి మెరుగుపడ్డాక అదే మనిషి స్నేహం నటించాడు. ఈ సంగతిని బెరూనీ తన పుస్తకంలో రాసిపెట్టారు. చిరిగిన బట్ట తొడుక్కున్న వాడి నోట వచ్చినంత మాత్రాన నిజం అబద్ధమైపోదన్న పాఠం ఆయనకు అక్కడే ఒంటబట్టింది.

997 మే నెలలో చంద్రగ్రహణం వచ్చింది. బెరూనీ కాత్‌లో, ప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫా బాగ్దాద్‌లో ఉండి ముందుగా చేసుకున్న ఏర్పాటు ప్రకారం ఒకే గ్రహణాన్ని గమనించారు. రెండుచోట్ల నమోదైన వేళల తేడాను బట్టి ఆ రెండు నగరాల రేఖాంశాల తేడా లెక్కగట్టారు. టెలిఫోను గాని, చేతి గడియారం గాని లేని రోజుల్లో వందల కోసుల దూరాన ఉన్న ఇద్దరు పండితులు ఇలా కలిసి పనిచేయటం ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఆ తర్వాత బుఖారా, జుర్జాన్ దర్బారుల్లో కొన్నేళ్లు గడిపారు. యువకుడైన ఇబ్నె సీనాతో శాస్త్ర విషయాలపై ఘాటైన ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించారు. దాదాపు క్రీ.శ. 1000లో వివిధ జాతుల క్యాలెండర్లు, పండుగలు, శకాల గురించి అరబీలో ఒక పెద్ద గ్రంథం రాశారు. యూదులు, క్రైస్తవులు, పార్సీలు ఎవరెవరు రోజులను ఎలా లెక్కిస్తారో అందులో వివరించారు. ఇతరుల సంగతి వారి నోటనే విని రాయాలన్న అలవాటు ఆయనకు అప్పటికే ఉందన్నమాట.

గజనీకి తరలింపు

తర్వాత ఖ్వారజమ్‌కు తిరిగి వచ్చి గుర్గంజ్ పాలకుడు అబుల్ అబ్బాస్ మామూన్‌కు సలహాదారుగా పనిచేశారు. ఆ రోజులు ఎక్కువ కాలం నిలవలేదు. జుమా ఖుత్బాలో తన పేరు చదివించాలని సుల్తాన్ మహమూద్ పట్టుబట్టాడు. మామూన్ ఒప్పుకోబోయేసరికి సొంత సైన్యమే తిరగబడి 1017లో అతన్ని చంపింది. మామూన్ మహమూద్‌కు బావమరిది. బంధువు హత్యకు ప్రతీకారమన్న సాకుతో మహమూద్ దండెత్తి వచ్చి ఖ్వారజమ్‌ను కలుపుకున్నాడు. అక్కడి ప్రముఖులను, పండితులను వెంట తీసుకుపోయాడు. ఆ బృందంలో బెరూనీ ఉన్నారు, ఆయన గురువు అబూ నస్ర్ కూడా ఉన్నారు.

అప్పటికి బెరూనీ వయసు 44. మళ్లీ ఇల్లు పోయింది. ఈసారి ఆయన పారిపోయి వచ్చినవారు కారు, పట్టుకు రాబడినవారు. గజనీలో ఆయన ఖైదీయా, అతిథియా, ఉద్యోగియా అని ఎవరైనా అడిగితే మూడింటిలోనూ కొంత నిజం ఉందని చెప్పాలి. రాకపోకల్లో తనకు ఎన్నడూ పూర్తి స్వేచ్ఛ దొరకలేదని, తన ఇష్టప్రకారం ఏర్పాట్లు చేసుకునే అధికారం లేదని ఆయనే స్పష్టంగా రాసుకున్నారు. అయినా ప్రాప్తమైనంతవరకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుని పనిలో పడ్డారు.

తొలి సంవత్సరం ఎంత కష్టంగా గడిచిందో ఒక ఘటన చెబుతుంది. 1018 అక్టోబరులో ఆయన కాబూల్ దగ్గరి ఒక పల్లెలో ఉన్నారు. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం), హజ్రత్ లూత్ (అలైహిస్సలాం)ల కష్టాలను తలచుకునేంత దుఃఖంలో ఉన్నారు. ఆ ప్రవక్తల మీద కురిసిన కారుణ్యం తన మీద కూడా కురవాలని ఆశించారు. ఆ స్థితిలోనూ ఆ పల్లె అక్షాంశం కొలవాలన్న కోరిక ఆయన్ని వదల్లేదు. చేతిలో పరికరం లేదు. లెక్కలు వేసుకునే పలకను తిరగేసి, దాని వెనకవైపు వృత్తభాగం గీసి, గుర్తులు పెట్టి, దాంతోనే సూర్యుని ఎత్తు కొలిచారు. ఏడుస్తూ కూర్చోవటానికి తగినంత కారణం ఉన్న మనిషి పలక తిరగేసి పనికి కూర్చున్నారు.

ఎంతవరకు తిరిగారు?

బెరూనీ భారతదేశమంతా తిరిగారని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. ఎక్కడెక్కడికి వెళ్లిందీ ఆయనే నిజాయితీగా చెప్పుకున్నారు. కాబూల్, లమ్‌ఘాన్, పెషావర్, సింధు ఒడ్డున ఉన్న వైహింద్, జీలం, నందనా, సియాల్‌కోట్, లాహోర్ ప్రాంతపు కోట, ముల్తాన్ మొదలైన చోట్ల అక్షాంశాలు తానే స్వయంగా కొలిచినట్లు రాశారు. వాటిని దాటి లోపలి దేశానికి వెళ్లలేదని కూడా రాశారు. అంటే ఆయన ప్రయాణాలు నేటి అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ ప్రాంతాలకే పరిమితం. కాశీ, కనౌజ్, రామేశ్వరం దిక్కు సంగతులన్నీ తెలిసినవారిని అడిగి, గ్రంథాలతో సరిచూసి రాసినవే. చూసినదాన్ని చూసినట్లు, విన్నదాన్ని విన్నట్లు వేరుచేసి చెప్పటం ఆయన నియమం.

ఈ కొలతలన్నీ ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఒక కారణం మనకు దగ్గరిదే. 1025లో ఆయన ఊర్ల స్థానాలు నిర్ణయించే విధానంపై ఒక గ్రంథం పూర్తిచేశారు. గజనీ నగరం భూమి మీద సరిగ్గా ఎక్కడుందో తేల్చటం, దాన్ని బట్టి అక్కడ నమాజుకు ఖిబ్లా దిశ తేల్చటం ఆ గ్రంథంలో ముఖ్యమైన పని. మస్జిద్ కట్టేవారికి కావలసిన దిశ కోసం ఆయన పర్వతాలు, గ్రహణాలు, నక్షత్రాలు అన్నిటినీ సాక్ష్యానికి పిలిచారు.

నేటి పాకిస్తాన్ పంజాబులో ఉప్పు కొండల శ్రేణిలో నందనా కోట ఉంది. అక్కడ ఆయన చేసిన పని ప్రపంచ ప్రసిద్ధం. కోట పక్కన కొండ, ఎదురుగా చదునైన మైదానం ఉన్నాయి. ముందు కొండ ఎత్తు కొలిచారు. అది 652 మూరలు తేలింది. తర్వాత కొండ పైకెక్కి, నేలా నింగీ కలిసే అంచు సమతలానికి ఎంత దిగువగా కనిపిస్తున్నదో కొలిచారు. డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో 34 భాగాలు వచ్చింది. ఈ రెండు సంఖ్యలతో భూగోళపు వ్యాసార్ధం లెక్కకట్టారు. మూర పొడవును ఎంతగా తీసుకుంటామన్నదాన్ని బట్టి కిలోమీటర్లలో ఫలితం కొంత మారుతుంది. అయినా ఆయన ఫలితం నేటి 6,371 కిలోమీటర్ల లెక్కకు దగ్గరగా ఉందని పండితులు ఒప్పుకుంటారు. పెద్ద సేన, పెద్ద ఖర్చు లేకుండా, ఒక కొండ ఎక్కి దిగి భూమినే కొలిచారు.

దారిలో నేలను కూడా ఆయన గమనించకుండా వదల్లేదు. ఎక్కడ తవ్వినా గుండ్రటి రాళ్లు బయటపడటం చూశారు. కొండల దగ్గర, నదులు వడిగా పారేచోట రాళ్లు పెద్దవిగా ఉండటం, దూరం పోయేకొద్దీ చిన్నవై, సముద్రం దగ్గర ఇసుకగా మారటం గుర్తించారు. ఈ మైదానమంతా ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిపోయిందని ఊహించారు.

సంస్కృతంతో కుస్తీ

ప్రయాణానికి హద్దులున్నాయి గనుక హద్దులు లేని మరో దారి ఎంచుకున్నారు. అదే భాష. హిందువుల శాస్త్రాలు వారి గ్రంథాల్లోనే చదవాలని సంస్కృతం మొదలుపెట్టారు. అరబీలోకి అంతకుముందే కొన్ని భారతీయ ఖగోళ గ్రంథాలు అనువాదమై ఉన్నాయి. కాని వాటిలో తప్పులున్నాయని బెరూనీకి తెలుసు. ఒకరు చెప్పింది మరొకరు చెప్పగా విని సంతృప్తిపడే స్వభావం ఆయనది కాదు.

ఆ భాష ఎంత కష్టపెట్టిందో ఆయన దాచుకోలేదు. అరబీలో సింహానికి ఎన్నో పేర్లున్నట్లే సంస్కృతంలో ఒకే వస్తువుకు ఎన్నో పేర్లు. ఒకే మాటకు ఎన్నో అర్థాలు, సందర్భం తెలియకపోతే ఏ అర్థమో తేలదు. పండితుల భాష వేరు, బజారు భాష వేరు. కొన్ని అక్షరాలు ఆయన నాలుకకు తిరగవు, కొన్నిటి మధ్య తేడా చెవికి అందదు. అరబీ లిపిలో వాటిని రాసుకోవటం ఇంకా కష్టం. హిందువుల నోట ఒక మాట విని, ఎంతో జాగ్రత్తగా రాసుకుని, తిరిగి వారికే చదివి వినిపిస్తే వారు దాన్ని గుర్తుపట్టటానికి తడుముకునేవారట. కొత్త భాష నేర్చినవారెవరికైనా ఈ అవస్థ అనుభవమే.

పుస్తకాలతో మరో చిక్కు. రాయసగాళ్ల అజాగ్రత్త వల్ల ఒకటి రెండు నకళ్లు తిరిగేసరికి గ్రంథం తప్పులమయం అయ్యేది. శాస్త్రాలన్నీ కంఠస్థం చేయటానికి వీలుగా శ్లోకాల్లో ఉండేవి. ఛందస్సు కోసం మాటలు సాగదీయటం, పర్యాయపదాలు వేయటం వల్ల అర్థం మరుగునపడేది. అందుకని బెరూనీ ఛందశ్శాస్త్రం కూడా చదవవలసి వచ్చింది. గ్రంథాలు దొరుకుతాయని అనిపించిన ప్రతి చోటి నుంచీ తెప్పించుకున్నారు. డబ్బుకు వెనుకాడలేదు. వాటిని వివరించగల పండితులను దూరప్రాంతాల నుంచి పిలిపించుకున్నారు.

గురువులు ఎందుకు దూరమయ్యారు?

ఆ రోజుల్లో గజనీలో హిందుస్తాన్ మనుషులు చాలామంది ఉండేవారు. యుద్ధఖైదీలుగా, పనివారుగా, సైనికులుగా వచ్చినవారు. అయినా శాస్త్రం తెలిసిన పండితులు దొరకటం సులువు కాలేదు. దానికి కారణం ఏమిటో బెరూనీ నిర్భయంగా రాశారు. సుల్తాన్ మహమూద్ దండయాత్రలు ఆ దేశపు సంపదను నాశనం చేశాయని, అక్కడి ప్రజలు ధూళి రేణువుల్లా చెదిరిపోయారని, మిగిలినవారి గుండెల్లో ముస్లింల మీద తీరని ద్వేషం నాటుకుందని రాశారు. హిందూ విద్యలు తాము జయించిన ప్రాంతాల నుంచి తరలిపోయి కాశ్మీరు, కాశీ వంటి చోట్లకు చేరాయని రాశారు.

ఈ మాటలు ఎక్కడ కూర్చుని రాశారో గమనించాలి. మహమూద్ రాజధాని గజనీలో, మహమూద్ వారసుల ఏలుబడిలో. 1030 ఏప్రిల్‌లో సుల్తాన్ కన్నుమూశాడు, ఆ ఏడాదే ఈ గ్రంథం పూర్తయింది. ఆస్థాన కవులు దండయాత్రలను పొగిడి బహుమానాలు పొందుతున్న చోట, ఆ దండయాత్రల వల్ల విద్యకు జరిగిన నష్టాన్ని ఒక ముస్లిం పండితుడు లెక్క రాసిపెట్టాడు. ఇరువైపులా తప్పులను ఆయన చూపించారు. తమ దేశాన్ని మించిన దేశం లేదు, తమ శాస్త్రాన్ని మించిన శాస్త్రం లేదనే గర్వం అప్పటి హిందూ పండితుల్లో ఉందని విమర్శించారు. వెంటనే, వారి పూర్వికులు ఇంత సంకుచితంగా లేరని, గ్రీకుల విద్యను గౌరవించాలని వరాహమిహిరుడే చెప్పాడని గుర్తుచేశారు.

ఆయన మొదట పండితుల ముందు శిష్యుడిలా నిలబడ్డారు. కొంత నేర్చుకున్నాక, లెక్కల వెనుక కారణాలు వివరించటం మొదలుపెట్టారు. అప్పుడు వారే ఆయన చుట్టూ మూగారు. ఏ హిందూ గురువు దగ్గర చదివావని అడిగారు. మాంత్రికుడేమోనని కూడా అనుకున్నారు. తమ పెద్దల దగ్గర ఆయన ప్రసక్తి వచ్చినప్పుడు విద్యలో సముద్రమని చెప్పుకున్నారు. శిష్యుడిగా వంగినవాడికే గురువులు ఆ పీట వేశారు.

న్యాయంగా సాక్ష్యం

ఈ గ్రంథం పుట్టుక వెనుక ఒక సంభాషణ ఉంది. అబూ సహల్ అనే పెద్దమనిషి దగ్గర పరమతాల గురించి మాట వచ్చింది. ఆయా మతాలపై అరబీలో వచ్చిన పుస్తకాలు చాలావరకు పక్షపాతంతోనో, వినికిడి మీదనో రాసినవని ఇద్దరూ అనుకున్నారు. హిందువుల గురించి ఉన్నది ఉన్నట్లుగా రాయమని అబూ సహల్ ప్రోత్సహించారు. అబద్ధం చెప్పేవారిలో ఎన్ని రకాలుంటాయో బెరూనీ ముందుమాటలో విడదీసి చూపారు. లాభం కోసం చెప్పేవాడు, ద్వేషంతో చెప్పేవాడు, తనవారి మీది ప్రేమతో చెప్పేవాడు, భయంతో చెప్పేవాడు, తెలియక ఇతరుల మాట వల్లించేవాడు. సొంతవారికి వ్యతిరేకమైనా నిజమే చెప్పాలన్న దివ్య ఖుర్‌ఆన్ ఆజ్ఞను అక్కడే గుర్తుచేశారు.

80 అధ్యాయాల ఈ గ్రంథాన్ని మనవారు క్లుప్తంగా కితాబుల్ హింద్ అంటారు. దైవభావన, ఆత్మ, పునర్జన్మ, వేదాలు, పురాణాలు, వ్యాకరణం, ఛందస్సు, కొలతలు, లిపులు, భూగోళం, ఖగోళం, దానం, ఉపవాసం, పండుగలు అన్నీ ఇందులో ఉన్నాయి. గీత, పతంజలి యోగం, సాంఖ్యం, విష్ణుపురాణం, బ్రహ్మగుప్తుని సిద్ధాంతం వంటి గ్రంథాలను ఆధారం చేసుకున్నారు. ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. ముందు హిందువులు ఏమంటున్నారో వారి గ్రంథాల నుంచి చెబుతారు. తర్వాత గ్రీకులు, సూఫీలు అలాంటి విషయంలో ఏమన్నారో పోలుస్తారు. వాదానికి దిగరు. హిందువుల్లో చదువుకున్నవారి విశ్వాసం వేరు, పామరుల ఆచారం వేరని, చదువుకున్నవారు ఆద్యంతాలు లేని ఒకే దేవుణ్ని నమ్ముతారని వివరించారు. ఏదైనా ఆచారం తన పాఠకులకు విడ్డూరంగా తోచినప్పుడు, ఇస్లాం రాకముందు అరబ్బుల్లోనూ ఇలాంటివి ఉండేవని గుర్తుచేశారు. మనకు వారి పద్ధతులు ఎంత వింతో, వారికి మన పద్ధతులు అంతే వింత అన్న ఎరుక ఆ గ్రంథమంతటా కనిపిస్తుంది.

ఆంధ్ర లిపి, తాటాకు

తెలుగు పాఠకులకు ఒక తీపి సంగతి. లిపుల అధ్యాయంలో ఆయన భారతదేశంలో వాడుకలో ఉన్న లిపుల పేర్లు చెప్పారు. నాగరి, కర్ణాట, ద్రావిడ దేశపు లిపులతో పాటు ఆంధ్రదేశంలో వాడే ఆంధ్ర లిపిని కూడా పేర్కొన్నారు. ఎన్నడూ వింధ్య దాటని మనిషి, గజనీలో కూర్చుని, మన లిపికి ఒక పేరుందని అరబీ పాఠకులకు తెలియజేశారు. ఉత్తరాన భూర్జపత్రాల మీద రాస్తారని, దక్షిణాన ఖర్జూర చెట్టును పోలిన చెట్టు ఆకుల మీద రాస్తారని చెప్పారు. మూడు వేళ్ల వెడల్పున్న ఆ ఆకులకు నడుమ రంధ్రం చేసి తాడు దూర్చి కట్టి పుస్తకం చేస్తారని వివరించారు. ఆ ఆకును తారీ అంటారని రాశారు. మన తాడిచెట్టు, తాటాకు అని వేరే చెప్పనక్కరలేదు. అదే 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కోరికపై నన్నయ సంస్కృత భారతాన్ని తెలుగు చేశారు. ఒకే శతాబ్దంలో అక్కడ ఒకరు సంస్కృతాన్ని అరబీలోకి, ఇక్కడ ఒకరు తెలుగులోకి తెస్తున్నారు.

తీసుకోవటమే కాదు, ఇవ్వటం

బెరూనీ కేవలం తీసుకున్నవారు కారు. సాంఖ్యం, పతంజలి యోగం గురించిన సంస్కృత గ్రంథాలను అరబీలోకి తెచ్చారు. అందులో పతంజలి అనువాదం ఇస్తాంబుల్‌లో దొరికి 1956లో అచ్చయింది. మరోవైపు యూక్లిడ్ రేఖాగణితం, టాలెమీ ఖగోళ గ్రంథం, నక్షత్రాల ఎత్తు కొలిచే ఉస్తర్లాబ్ తయారీ గురించి తన రచన, వీటిని హిందువుల కోసం సంస్కృత శ్లోకాలుగా పెట్టించే పని చేపట్టారు. కాశ్మీరు పండితులు పంపిన పది ప్రశ్నలకు సమాధానాలు రాశారు. యుద్ధం మూసివేసిన సరిహద్దు మీదుగా ప్రశ్నలు, జవాబులు మాత్రం నడిచాయి.

మహమూద్ కుమారుడు మస్‌ఊద్ కాలంలో ఆయనకు ఆదరణ పెరిగింది. ఆ సుల్తాన్ పేర ఖానూనె మస్‌ఊదీ అనే ఖగోళ మహాగ్రంథం రాశారు. మెచ్చిన సుల్తాన్ ఏనుగు మోసేంత వెండి పంపగా, తనకు అక్కరలేదని తిప్పి పంపారని యాఖూత్ అనే చరిత్రకారుడు రాశాడు. 1036లో ఆయన తన రచనల జాబితా తయారు చేసుకున్నారు. అప్పటికే నూటికి పైగా ఉన్నాయి. కంటిచూపు, వినికిడి తగ్గిన వయసులో, 80 చాంద్రమాన సంవత్సరాలు దాటాక, ఔషధ ద్రవ్యాల గ్రంథం మీద పనిచేశారు. ఒక్కొక్క మూలికకు అరబీ, గ్రీకు, సిరియాక్, ఫారసీ, భారతీయ భాషల్లో ఏ పేరుందో అందులో పొందుపరిచారు. విత్తనాలు పట్టుకుని రూమ్ దేశస్థుని వెంట తిరిగిన కుర్రవాడి నోటుపుస్తకమే ముసలితనంలో అలా గ్రంథమయింది.

మనకు ఏమి మిగిలింది?

బతుకుతెరువు కోసం దుబాయి, జిద్దా, దమ్మామ్ వెళ్లినవారు మన కుటుంబాల్లో ఎందరో. ఉన్న చోట పదేళ్లున్నా ఆ మట్టి గురించి, ఆ మనుషుల గురించి ఏమీ తెలియకుండా తిరిగివచ్చేవారూ ఉన్నారు. ఇక్కడే తరతరాలుగా పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఒకరి గ్రంథంలో ఏముందో మరొకరు వదంతుల ద్వారానే తెలుసుకునేవారూ ఉన్నారు. బెరూనీకి స్వేచ్ఛ లేదు, సొంత ఊరు లేదు, నేర్పేవారికి ఆయన జాతి మీద నమ్మకం లేదు. అయినా వెళ్లగలిగిన చోటికల్లా వెళ్లారు, వెళ్లలేని చోటికి భాష ద్వారా వెళ్లారు. ఎదుటివారి గురించి మాట్లాడే ముందు వారి మాట నేర్చుకోవాలన్న నియమాన్ని మాత్రం వదల్లేదు. ఆ నియమానికి పాండిత్యం అక్కరలేదు, ఓపిక చాలు.

ఆయన 1048లో గజనీలో మరణించారని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. తన వయసు గురించి ఆయనే రాసుకున్న మాటను బట్టి 1050 తర్వాతేనని కొందరు పరిశోధకులు అంటారు. చివరి ఘడియల గురించి యాఖూత్ ఒక ఘటన నమోదు చేశాడు. ఒక న్యాయపండితుడు ఆయన్ని చూడటానికి వచ్చాడు. శ్వాస బరువుగా ఆడుతోంది. ఆ స్థితిలో బెరూనీ, తల్లి వైపు అవ్వలకు వారసత్వపు వాటా లెక్క గురించి మునుపెప్పుడో మీరు చెప్పినదేమిటని అడిగారు. ఈ సమయంలోనా అని వచ్చినాయన జాలిపడ్డాడు. ఆ సంగతి తెలియకుండా లోకం విడవటం కన్నా తెలిసి విడవటం మేలు కదా అన్నది బెరూనీ సమాధానం. న్యాయపండితుడు లెక్క వివరించాడు. బెరూనీ దాన్ని ఒప్పజెప్పి మనసులో పెట్టుకున్నారు. సెలవు తీసుకుని వీధిలోకి వచ్చేసరికి వెనుక ఆ ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయని ఆ న్యాయపండితుడు చెప్పుకున్నాడు.